బందూకు కింద పెట్టినవాడు

నేను ఫౌజులో పనిచేశానంటే మా ఇంట్లో మనవలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. వాళ్లను అని లాభం లేదు. అద్దంలో చూసుకున్నప్పుడల్లా నాకే నమ్మబుద్ధి కాదు. మెడ సన్నం, భుజాలు వాలు, ఛాతీ అనేది ఒకటుందని తెలియాలంటే నేను దగ్గాలి. అయినా పనిచేసిన మాట నిజం. అదెలాంటి ఫౌజో, అందులో ఎలా చేరానో చెప్పకుండా ఉంటే నా పరువుకు మంచిదే. కానీ ఎవరూ అడక్కపోయినా చెప్పడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

మా మేనమామ జహనుమా దగ్గర ఒక సర్కార్ దేవిడీలో, అంటే ప్రహరీ ఉన్న పెద్ద మేడలో, కాపలావాళ్లకు పెద్దగా ఉండే జమేదారు. సర్కార్ అంటే రాజ్యమేలే ప్రభువు కాదు, ఆయన కింద ఉండే పెద్ద జాగీర్దార్లలో ఒకరు. ఆ రోజుల్లో అటువంటివాళ్లకు సొంత ఫౌజు ఉండేది. ఫౌజనగానే ఫిరంగులూ గుర్రాలూ ఊహించుకోవద్దు. దేవిడీ పెద్ద గేటు దగ్గరా, ఖజానా గది దగ్గరా, జనానా వాకిలి దగ్గరా బందూకులు పట్టుకొని నిలబడే మనుషులు. పండగలకూ పెళ్లి ఊరేగింపులకూ సర్కార్ వెనక నడిచే మనుషులు. వాళ్లుండటానికి దేవిడీ వెనక గోడను ఆనుకొని వరసగా గదులు కట్టించారు. వాటిని లైన్లు అనేవాళ్లు. మా నాన్న పోయాక అమ్మ నన్ను చంకనేసుకొని అన్న దగ్గరికి వచ్చేసింది. మామకు పిల్లల్లేరు, అత్త అప్పటికే పోయింది. రెండు గదుల్లో ముగ్గురం సర్దుకున్నాం. ఆ గదులు మామ నౌకరీతో వచ్చినవి. నౌకరీ ఉన్నంతవరకే మా నెత్తిమీద కప్పు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే తక్కినదంతా దానంతటదే అర్థమవుతుంది.

దేవిడీలో పెరిగిన పిల్లలకు మాటల కంటే ముందు సలాం వచ్చేది. సర్కార్ కనబడితే నడుము వంచాలి. కుడిచెయ్యి దాదాపు నేలను తాకించి నుదుటి దాకా తేవాలి. మళ్లీ వంగాలి, మళ్లీ తేవాలి, ఆయన దాటిపోయేదాకా. చేతిలో ఏమైనా ఉంటే ముందు దాన్ని కింద పెట్టాలి. ఏదో ఒకటి పట్టుకొని సలాం చేస్తే ఆ వస్తువు సర్కార్ కంటే ఎక్కువని చెప్పినట్టట. చిన్నప్పుడు ఒకసారి సగం కొరికిన జామకాయతో సలాం చేసినందుకు అమ్మ నా వీపు విమానం మోత మోగించింది. ఆ దెబ్బతో నా చేతికి సొంతంగా బుద్ధి పుట్టింది. సర్కార్ కనబడ్డాడా, నాతో చెప్పకుండానే ఖాళీ అయిపోయేది. చదువు నాకు ఒంటబట్టలేదు గాని ఇది మాత్రం బాగా ఒంటబట్టింది.

బందూకు పట్టిన సిపాయికి ఈ సలాం లేదు. చేత బందూకు ఉన్నంతసేపూ అతను ఎవరికీ వంగడు, నిటారుగా నిలబడటమే అతని సలాం. మామకు ఇది మహా గర్వం. డ్యూటీ మీద ఉండగా బందూకు నేలమీద పెట్టిన పాపాన పోలేదనేవాడు. గోడకు ఆనించడం కూడా ఆయన దృష్టిలో తప్పే. దాహమైతే కుడిచేతిలో బందూకు అలాగే ఉంచి, ఎడమచేత్తో ముంత అందుకొని గటగటా తాగేసేవాడు.

ఇంతలో యుద్ధం వచ్చింది. అది ఎక్కడో సముద్రాల అవతల జరుగుతోందన్నారు. మాకు తెలిసిందల్లా దీపాల్లోకి నూనె దొరకడం లేదని. తర్వాత అఫ్జల్‌గంజ్‌లో ఇంగ్లీషువాళ్ల ఫౌజుకు మనుషుల్ని భర్తీ చేసుకునేవాళ్లు బల్ల వేసుకొని కూర్చున్నారు. కొత్త బూట్లు ఇస్తారట, కడుపునిండా తిండట, నెలనెలా ఇంటికి మనియార్డరట. మా దేవిడీలో జీతం అనేది ఎప్పుడూ ‘వస్తుంది’ అనే దశలోనే ఉండేది. ఇంకేముంది. లైన్లలోని కుర్రవాళ్లు ఒక్కొక్కరే బజారుకని వెళ్లి, కొత్త బూట్లతో తిరిగొచ్చి, తల్లుల కాళ్లకు మొక్కి వెళ్లిపోయారు.

వాళ్లను నిలపడానికి మామ చెయ్యని ప్రయత్నం లేదు. తల్లుల చేత ఏడిపించాడు. దర్గాకు తీసుకుపోయి ఒట్లు వేయించాడు. చివరికి పెళ్లిళ్లు చేయించాడు. పెళ్లాం వస్తే కాలికి బేడీ పడ్డట్టేనని ఆయన లెక్క. చెప్పులరిగేలా తిరిగి సంబంధాలు చూసి ఇద్దరికి ముడివేశాడు. నెల తిరగకముందే ఆ ఇద్దరూ భర్తీ అయిపోయారు. వెళ్లేముందు అందులో ఒకడు నా భుజం మీద చెయ్యేసి, “ఇంట్ల లెక్క గాదు, లడాయిల పొద్దుగూకినంకనన్న కాల్చుడు ఆపుతరంట గదా అన్నా” అన్నాడు. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

మిగిలినవాళ్లు ముసలివాళ్లు. ఖజానా కాపలా కాసే ఆయనకు చూపు ఆనదు, అడుగుల చప్పుడును బట్టి మనిషిని పోల్చుకునేవాడు. బిగిల్ ఊదే ఆయనకు పళ్లు లేవు, ఊదితే గాలి వచ్చేది గాని పాట వచ్చేది కాదు. దూరం నుంచి చూస్తే ఎర్ర కోట్లు, ఇత్తడి గుండీలు. పైన పటారం, లోన లొటారం.

నాకప్పుడు పందొమ్మిదేళ్లు. మెట్రిక్ నన్ను వద్దంది, నేనూ పంతానికి పోలేదు. పగలంతా ఇరానీ హోటల్లో కూర్చొని యుద్ధం నడిపించేవాణ్ణి. చాయ్ కప్పులు జర్మన్లు, సాసర్లు ఇంగ్లీషువాళ్లు, ఉస్మానియా బిస్కెట్లు రష్యా. ఎవరు ఎటునుంచి ముట్టడిస్తే ఏమవుతుందో బల్లమీద జరిపి చూపిస్తుంటే చుట్టూ జనం మూగేవాళ్లు. బిస్కెట్లు చివరికి నేనే తినేవాణ్ణి కాబట్టి రష్యా ప్రతిరోజూ ఓడిపోయేది.

లోపల మాత్రం ఒక ముల్లు గుచ్చుకుంటూ ఉండేది. మామ గల్లీ గల్లీ తిరిగి కనబడిన మగవాడినల్లా ఫౌజులో చేరతావా అని అడిగేవాడు. కూరగాయలవాణ్ణి అడిగాడు. మసీదు మెట్లమీద బిచ్చమెత్తే దిట్టమైన మనిషిని అడిగాడు. అతను కాసేపు ఆలోచించి, ఉన్న నౌకరీయే బాగుందన్నాడట. ఎదురుగా కూర్చొని అన్నం తింటున్న నన్ను మాత్రం ఒక్కనాడూ అడగలేదు. ఒకరోజు సిగ్గువిడిచి నేనే కదిపాను. మామ నన్ను తలనుంచి కాళ్లదాకా చూసి, “ఇంకింత అన్నం పెట్టమంటవా అల్లుడా” అన్నాడు. అదే జవాబు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అన్నం మాత్రం పెట్టించుకున్నాను.

అలా ఉండగా జాగీరు దఫ్తరు నుంచి పిడుగులాంటి కబురొచ్చింది. ఖర్చులు తగ్గించడానికి కొత్తగా కుదుర్చుకున్న రిటైరైన మేజర్ సాహెబు ఒకాయన ఫౌజును చూడటానికి వస్తున్నాడు. వరసలో నలభై మంది నిలబడితే సరి, లేదంటే ఫౌజు ఎత్తేస్తారు, లైన్లు ఖాళీ చేయిస్తారు. మామ ఆ పూట అన్నం ముట్టలేదు. అమ్మ అప్పుడు గోడకు సున్నం వేస్తోంది. చేతిలో కుంచె ఆపి, “అన్నా, తక్కిన గోడకు సున్నం ఎయ్యాల్నా, వద్దా” అని అడిగింది. ఇప్పుడు నవ్వులాటగా రాస్తున్నాను గాని, ఆ సగం తెల్లబడ్డ గోడ చూడలేక నేను వాకిట్లోకి వచ్చేశాను. చేత మూట పట్టుకొని రోడ్డుమీద నిలబడ్డ అమ్మను ఊహించుకోవడం నవ్వులాట కాదు.

మామ అరువు మనుషుల కోసం బయల్దేరాడు. తాలీంలో కుస్తీ పట్టే పహిల్వాన్లు ఇద్దరు ఒప్పుకున్నారు. పాలుపోసేవాడు, తందూరు రొట్టెల భట్టీవాడు, ఖవ్వాలీలకు ఢోలక్ వాయించేవాడు, ఇంకా అటువంటివాళ్లే మరికొందరు. అందరూ చిన్నప్పటినుంచి దేవిడీ ఉప్పు తిన్నవాళ్లే. ఒక్క పూట బందూకు పట్టుకొని నిలబడితే చాలంటే దానికేం భాగ్యమన్నారు. అంతా చేసి చివరికి ఒక్క మనిషి తక్కువపడ్డాడు. మామ వాకిట్లో నిలబడి గల్లీ అటు చివరికీ ఇటు చివరికీ చూశాడు. ఎవరూ లేరు. అప్పుడు ఇంట్లోకి చూశాడు. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమంటారు. ఆ ఆముదపు చెట్టు లోపల చాప మీద బోర్లా పడుకొని ఉంది.

యుద్ధానికి పోయినవాడి కోటు ఒకటి నాకిచ్చారు. అందులో నేను పట్టగా ఇంకొకడికి జాగా మిగిలింది. అమ్మ పాత బొంత విప్పి, దూది తీసి, నా ఛాతీకి ఒక మెత్త కుట్టింది. తొడుక్కొని చూసుకుంటే నన్ను చూసి నేనే ఝడుసుకున్నాను. అంత ఛాతీ ఇంట్లో పెట్టుకొని ఏం చేస్తాం, హోటల్ ముందునుంచి రెండు చక్కర్లు కొట్టాను. నా యుద్ధవ్యూహాలకు తలలూపిన మనుషులే, అది వాపా అని అడిగి, హకీముకు చూపించుకొమ్మని సలహా ఇచ్చారు.

తర్వాత కొన్నాళ్లు మామ మా అరువు జనానికి కవాతు నేర్పాడు. గొప్పలు చెప్పడం కాదు, అందరిలోకీ నాకే బాగా వచ్చింది. అసలైన సిపాయిలు కూడా మెచ్చుకున్నారు. మామ నన్ను ముందువరసలో పెట్టాడు. తనిఖీ రోజు పొద్దున దేవిడీ మెట్ల ముందున్న మైదానంలో నా గుండీలు సర్దుతూ, “నీకేం రాకున్నా ఫికర్ లేదు బిడ్డా. నిట్టనిలువుగ నిలబడు. ఏమన్నగానీ, వంగకు. గంతే” అన్నాడు. ఆయన గొంతు ఆ రోజు చాలా మెత్తగా ఉంది. బందూకు కింద పెట్టొద్దని మాత్రం చెప్పలేదు. అది కూడా చెప్పాల్సిన మాటేనని ఆయనకెలా తోస్తుంది?

మేజర్ సాహెబు సన్నటి మనిషి, చేతిలో బెత్తం. వరస చివరినుంచి ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చాడు. చూపు ఆనని ఖజానా కాపలాదారు మేజర్ సాహెబు బూట్ల చప్పుడు పట్టుకొని సరిగ్గా ఆయనవైపే తల తిప్పాడు. పహిల్వాన్ల కోటు గుండీలు పిటపిటలాడుతున్నా తెగలేదు. మేజర్ సాహెబు నా ముందుకొచ్చి ఆగాడు. ఛాతీవైపు గౌరవంగా చూశాడు. బెత్తంతో దానిమీద తట్టి, షాబాష్ అన్నాడు. దూది కాబట్టి చప్పుడు రాలేదు. నేను ఇంకాస్త పొంగాను. ఆయన దాటిపోయాడు. పక్కనుంచి మామ ముఖం కనబడుతోంది, చాన్నాళ్లకు ఆ ముఖంలో నెత్తురాడింది. ఇక గండం గడిచినట్టే.

సర్కార్ పొద్దున్నే లేచే మనిషి కాదు. లోకానికి మధ్యాహ్నమైతే గాని ఆయనకు తెల్లారదు. ఆ రోజు మాత్రం బిగిల్ గాలికి నిద్ర చెడిందో ఏమో, భుజాన శాలువా వేసుకొని మెట్లమీదికి వచ్చి నిలబడ్డాడు.

తర్వాత జరిగింది నేను చెయ్యలేదు. నా చెయ్యి చేసింది. బందూకును పసిపిల్లను పడుకోబెట్టినట్టు మెల్లగా నేలమీద పెట్టాను. వంగాను. చెయ్యి నేలకు ఆనించి నుదుటికి తెచ్చాను. మళ్లీ వంగాను. రెండో సలాంకు అమ్మ కుట్టిన దారం తెగి నా ఛాతీ కాస్తా పొట్టలోకి జారింది. పక్కనున్న ఢోలక్ మనిషి ఓరకంట చూసి, ముందువరసవాడు చేస్తున్నాడంటే ఇదే పద్ధతి కాబోలనుకొని తన బందూకూ పెట్టి వంగాడు. ఆ తర్వాత పాలవాడు, రొట్టెలవాడు, పహిల్వాన్లు. అందరూ దేవిడీ ఉప్పు తిన్న చేతులే కదా. టకటకా బందూకులు నేల తాకిన చప్పుడు వరస చివరిదాకా పోయింది. అసలైన సిపాయిలు మాత్రం ఒక్కరూ కదల్లేదు. చెరిగిన చేటలో బియ్యం ఒకవైపూ ఊక ఒకవైపూ అయినట్టు, అసలువాళ్లెవరో అరువువాళ్లెవరో ఎవరూ ఏమీ అడక్కుండానే తేలిపోయింది.

నేను వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను. లేవడానికి ముఖం చెల్లలేదు. నాకు కనబడుతున్నది మామ బూట్లు. అవి కదలడం లేదు. అమ్మ సున్నం వేసిన గోడ కళ్లముందు మెదిలింది. అమ్మ నెత్తిమీది కప్పును నా చేత్తో నేనే ఊడబీకానని ఆ క్షణంలో తెలిసింది. భూమి రెండుగా చీలితే బాగుండుననిపించింది. అప్పటికే సగం దూరం వంగి ఉన్నాను కాబట్టి దూరడం కూడా సులువే.

మేజర్ సాహెబు మామవైపు తిరిగి, వీళ్లలో నీవాళ్లెందరు జమేదార్ అని ఉర్దూలో అడిగాడు. మామ తొణక్కుండా జవాబిచ్చాడు.

“ఖడే సో మేరే హైఁ హుజూర్. ఝుకే సో సర్కార్ కే హైఁ.”

నిలబడ్డవాళ్లు నావాళ్లు, వంగినవాళ్లు సర్కార్‌వాళ్లు. ఆ మాట మెట్లమీదికి వినబడింది. సర్కార్ మొదట నవ్వాడు. తర్వాత శాలువా అంచుతో కళ్లు ఒత్తుకున్నాడు. ఆ మధ్య ఆయనకు మనసు బాగుండటం లేదని మాకు తర్వాత తెలిసింది. మోటారు డ్రైవర్లు టోపీ ముట్టుకొని ఊరుకుంటున్నారు, కన్నకొడుకులే చదువులకు పోయొచ్చి కరచాలనాలు చేస్తున్నారు. ఇంకా తనకోసం ఆయుధాలు పడేసి వంగే మనుషులున్నారని చూసేసరికి కరిగిపోయాడు. ఫౌజు ఎత్తేసే మాటే లేదన్నాడు. వంగినవాళ్లందరినీ నౌకరీలో రాసుకొమ్మన్నాడు. బందూకు పారేసేవాళ్లతో ఫౌజేమిటి హుజూర్ అని మేజర్ సాహెబు అడగబోతే, దుష్మన్ మన గేటు దాకా వచ్చినప్పుడు చూద్దామని లోపలికి వెళ్లి మళ్లీ పడుకున్నాడు.

ఆ సాయంత్రం అమ్మ తక్కిన గోడకు సున్నం వేసింది. లైన్లలో అందరూ నన్ను వచ్చి చూశారు. ఇదంతా నేను ముందే ఆలోచించి చేసిన ఎత్తని ఒక పుకారు పుట్టింది. నేను కాదనలేదు.

నౌకరీ దొరికిన అరువు జనం మాత్రం చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. పహిల్వాన్లు తాలీం తలుపులు మూసుకున్నారు. పాలవాడి బర్రెకు అదేపనిగా జబ్బు చేసింది. అందరూ పారిపోయారు. నేను పారిపోదామంటే మా ఇల్లే ఫౌజులో ఉంది. యుద్ధం నడిచినన్నాళ్లూ మా మామ చేసిన భర్తీ మొత్తంలో చివరిదాకా నిలిచిన మనిషిని నేనొక్కణ్ణే. ఇంతకంటే ఆ ఫౌజు గతి గురించి చెప్పాల్సింది లేదు.

మామ నాకు పాఠం మొదటినుంచి మొదలుపెట్టాడు. నేను బందూకు పట్టుకొని వాకిట్లో నిలబడాలి. అమ్మ భుజాన తెల్లదుప్పటి వేసుకొని సర్కార్‌లా నా ముందునుంచి నడవాలి. నేను వంగకూడదు. మొదట్లో దుప్పటిని చూసినా నా చెయ్యి వదులయ్యేది. అమ్మ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకునేది. మామ నవ్వేవాడు కాదు. “బందూకు కింద పెడితె మళ్ల ఎత్తనిస్తరన్న నమ్మకమేంది అల్లుడా” అనేవాడు. నెలలు పట్టింది గాని చివరికి నా చెయ్యి మాట వింది. అప్పుడొకనాడు నిజం సర్కార్ నా ముందునుంచి వెళ్లాడు. నేను రాయిలా నిలబడ్డాను. ఆయన ముఖం చిన్నబోయింది.

వెనక గేటుకు కొన్నేళ్లు కాపలా కాశాను. లోపలికి రాబోయిన దుష్మన్లు మేకలే. వాటిలోనూ కొన్ని నన్ను ఖాతరు చెయ్యలేదు.

యుద్ధం ముగిసింది. మామ పెళ్లిచేసినవాళ్లలో ఒకడు తిరిగొచ్చాడు. పొద్దుగూకాక కాల్పులాపుతారన్నవాడు రాలేదు. ఆ మాటకు నేను చాలాసేపు నవ్వాను. మామ ఆ ఇంటి ముందునుంచి వెళ్లేటప్పుడు తలదించుకొని గబగబా నడిచేవాడు.

మరి కొన్నాళ్లకు రాజ్యమే మారిపోయింది. జాగీర్దార్లకు సొంత ఫౌజులుండకూడదని, బందూకులన్నీ అప్పగించాలని కొత్తవాళ్ల హుకుం వచ్చింది. అదే మైదానంలో జంపఖానా పరిచారు. పక్కన కుర్చీలో కొత్త అధికారి కూర్చున్నాడు. ఒక్కొక్కరూ వెళ్లి బందూకు దానిమీద పెట్టి రావాలి. సర్కార్ ఆ రోజు మెట్లమీదికి రాలేదు. నా వంతు రాగానే చటుక్కున పెట్టి వచ్చేశాను. అలవాటైన చెయ్యి.

మామది ఆఖరి వంతు. జంపఖానా దాకా చకచకా నడిచి ఆగిపోయాడు. కొంచెం వంగబోయి మళ్లీ నిటారుగా నిలబడ్డాడు. ఇంకోసారి ప్రయత్నించాడు. నడుము సహకరించలేదు. ఆ అధికారి మంచివాడు, తొందరపెట్టకుండా వేరేవైపు చూస్తూ కూర్చున్నాడు. మామ మెడ తిప్పి వరసలో నాకోసం వెతికాడు.

“అల్లుడా, ఇటు రా. నాకు కింద పెట్టుడు రాదు. నువ్వు పెట్టు,” అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. దగ్గరికి వెళ్లి రెండు చేతులా తీసుకున్నాను. ఆయన పట్టుకున్నచోట ఇంకా వెచ్చగా ఉంది. నా జన్మలో నాకు చాతనైన పని అదొక్కటే, అందుకని ఆనాటిలాగే చప్పుడు కాకుండా మెల్లగా పెట్టాను.

ఆ సాయంత్రమే లైన్లు ఖాళీ చేశాం. చాంద్రాయణగుట్ట వైపు ఒక గది అద్దెకు దొరికింది. అమ్మ మూట నేనెత్తుకున్నాను. కొత్త గది గడపలో కూర్చున్నాక అమ్మ ముంతతో నీళ్లిచ్చింది. కుడిచెయ్యి సగం ముడిచి పక్కకే పెట్టుకొని, మామ ఎడమచేత్తో అందుకొని తాగాడు.